బంజరు పేరుతో పోతున్న మేత నేల: థార్ ఎడారిలో సౌర విద్యుత్తు, బట్టమేక పిట్ట, ఊరి ఉమ్మడి భూములు

దేశంలో 748 గిగావాట్ల సౌర విద్యుత్తుకు అవకాశం ఉందని జాతీయ సౌరశక్తి సంస్థ 2014లో లెక్క కట్టింది. అందులో ఒక్క రాజస్థాన్ వాటాయే 142 గిగావాట్లు. లెక్క వేసిన పద్ధతి చాలా సాదా: ప్రతి రాష్ట్రంలోని బంజరు భూమిలో 3 శాతం మేర ప్యానెళ్లు పరిస్తే ఎంత కరెంటు వస్తుందన్నదే. మరి బంజరు ఎంత? దానికి ఆధారం ‘వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్’. కేంద్ర భూవనరుల శాఖ కోసం దాన్ని తయారు చేసేది హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ). 2019 సంచిక ప్రకారం దేశ విస్తీర్ణంలో 16.96 శాతం, అంటే దాదాపు 5.57 లక్షల చదరపు కిలోమీటర్లు బంజరు. ఇసుక తిన్నెలు, పొదల నేల, బక్కచిక్కిన పచ్చిక బయళ్లు అన్నీ ఇందులో తరగతులే. పైనుంచి చూసే ఉపగ్రహానికి పొద కనిపిస్తుంది గానీ ఆ పొదను ఏ ఊరి ఒంటెలు మేస్తున్నాయో కనిపించదు. అట్లాస్ చేసినవాళ్లు అలా కనిపిస్తుందని చెప్పనూ లేదు. ఆ అంకెను తీసుకెళ్లి ‘ఖాళీ భూమి’ కింద జమ కట్టుకున్నది ఆ తర్వాతివాళ్లు.

జైసల్మేర్, బాడ్మేర్, బికనేర్, ఫలోదీ జిల్లాల్లో ఇప్పుడు నడుస్తున్న పేచీకి మొదలు ఇక్కడే. బయటికి అది సౌర విద్యుత్తుకూ బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) అనే ఒక అరుదైన పక్షికీ మధ్య తగాదాలా కనిపిస్తుంది. కోర్టు తీర్పులూ, వార్తలూ ఆ రెండింటి చుట్టూనే తిరిగాయి. మూడో పక్షం ఊళ్లు. వాటి వాదన వినపడకపోవడానికి ముఖ్య కారణం రెవెన్యూ రికార్డు.

రికార్డులో ఏం రాసి ఉంటుంది

తెలుగు పాఠకులకు పోరంబోకు, గయాళు, మేత బీడు, అడంగల్, పహాణీ కొత్త కాదు. థార్‌లోనూ అదే తంతు, పేర్లే వేరు. రికార్డు పేరు జమాబందీ, సర్వే నంబరు పేరు ఖస్రా. ఎవరి పేరా లేని ప్రభుత్వ భూమి ‘సివాయ్ చక్’. పశువుల మేతకు విడిచింది ‘గోచర్’. దేవుడి పేరున విడిచి, కొమ్మ నరకకుండా, దున్నకుండా తరాలుగా కాపాడుకొస్తున్నది ‘ఓరణ్’. చెరువులోకి వాన నీరు జారడానికి ఖాళీగా వదిలిన గట్టి నేల ‘ఆగోర్’.

ఈ నాలుగూ పక్కపక్కనే ఉంటాయి. నేల మీద గీత ఉండదు. రికార్డులో మాత్రం వాటి మధ్య చాలా తేడా ఉంది. గోచర్‌గా నమోదైతే రాజస్థాన్ టెనెన్సీ చట్టం 1955లోని 16వ సెక్షన్ కింద అందులో ఎవరికీ ఖాతేదారీ హక్కు, అంటే పట్టా లాంటి హక్కు, పుట్టదు. సివాయ్ చక్‌గా ఉంటే కలెక్టర్ కేటాయించవచ్చు. పునరుత్పాదక విద్యుత్ ప్లాంట్లకు ప్రభుత్వ భూమి ఇవ్వడానికి 2007లోనే విడిగా నియమాలు చేశారు. మరి ఊరివాళ్లు ఓరణ్ అని చెప్పే భూమిలో చాలా భాగం రికార్డులో సివాయ్ చక్‌గానే ఉంది. భూముల బందోబస్తు (సర్వే సెటిల్‌మెంటు) జరిగిన కాలంలో సిబ్బంది సాగులో ఉన్న పొలాలను కొలిచి, మిగిలినదంతా ప్రభుత్వం కింద రాసి పోవడమే దీనికి కారణం. జైసల్మేర్ జిల్లా దేగరాయ్ ఓరణ్ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. జనం లెక్కలో అది సుమారు 60,000 బిఘాలు, అంటే 24,000 ఎకరాల దాకా. రికార్డుల్లో ఓరణ్‌గా ఎక్కింది అందులో సగం కూడా లేదు. మిగతా నేల మీద టవర్లు, తీగలు వచ్చాయి.

కంపెనీలు ప్రభుత్వ భూమి వైపే ఎందుకు చూస్తాయన్నది అర్థం చేసుకోవడం కష్టం కాదు. 1,000 ఎకరాలు పట్టా భూమి కావాలంటే వందల మంది రైతులతో లీజు మాట్లాడాలి, వాటాల తగవులు తీర్చాలి, బ్యాంకు తాకట్లు విడిపించాలి. సివాయ్ చక్ అయితే యజమాని ఒక్కరే, సంతకం ఒక్కటే. పైగా సౌర ప్లాంట్లు 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ పరిధిలోకి రావు కాబట్టి బహిరంగ విచారణ ఉండదు. 2013 భూసేకరణ చట్టంలోని సామాజిక ప్రభావ మదింపు ప్రైవేటు భూమి సేకరించేటప్పుడు వర్తిస్తుంది, ప్రభుత్వం తన భూమి తాను కేటాయించేటప్పుడు వర్తించదు. తీగల సంగతి ఇంకా సులువు. విద్యుత్ చట్టం 2003లోని 164వ సెక్షన్ కింద అధికారం పొందిన సంస్థ భూమి సేకరించకుండానే టవర్లు పాతవచ్చు, జరిగిన నష్టానికి పరిహారం ఇస్తే చాలు. పరిహారం భూ యజమానికి. సివాయ్ చక్‌లో యజమాని ప్రభుత్వం. మేత పోగొట్టుకున్న ఊరికి అందులో పైసా రాదు.

ఇదంతా చట్టబద్ధమే. అక్రమం ఎక్కడో జరిగిందని వెతికితే చాలాసార్లు ఏమీ దొరకదు.

కంచె పడితే ఏం పోతుంది

భడ్లా సోలార్ పార్క్ 2,245 మెగావాట్లు, సుమారు 14,000 ఎకరాలు. మెగావాటుకు ఆరు ఎకరాల పైచిలుకు. 2017లో అక్కడ వేలంలో యూనిట్ ధర 2 రూపాయల 44 పైసలకు దిగింది, అప్పటికి అది దేశంలో రికార్డు. బొగ్గు కరెంటును ధరలో ఓడించగలమని నిరూపించిన చోటు అది. ఈ ఎడారిని పూర్తిగా వదిలేద్దాం, ఇళ్ల కప్పుల మీద పెట్టుకుందాం అనేవాళ్ల మాట వినడానికి బాగుంటుంది గానీ 2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర విద్యుత్తు లక్ష్యం కప్పుల మీద తేలేది కాదు. ఎండ, చదును నేల, తక్కువ మబ్బు ఒకేచోట దొరికే ప్రాంతం థార్. అక్కడ కొంత భూమి ఇవ్వక తప్పదు. ఏ ఖస్రా ఇవ్వాలన్నదే అడగాల్సిన ప్రశ్న.

ఎందుకంటే ఒక ఎకరానికీ ఇంకో ఎకరానికీ పొంతన ఉండదు. ఆగోర్‌నే తీసుకుందాం. జైసల్మేర్‌లో ఏడాది మొత్తం వాన 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. 10 హెక్టార్ల ఆగోర్ మీద 20 మిల్లీమీటర్ల జల్లు పడితే కురిసింది 20 లక్షల లీటర్లు. రాతి నేల కాబట్టి అందులో మూడో వంతు జారినా 6 లక్షల లీటర్లకు పైగా నాడీలోకి, అంటే ఊరి చెరువులోకి చేరుతుంది. వేసవిలో గొర్రెకు రోజుకు 5 లీటర్ల లెక్కన వెయ్యి గొర్రెల మందకు 5,000 లీటర్లు కావాలి. ఆవిరయ్యేది తీసేసినా ఒక్క మంచి జల్లు నెలా రెండు నెలలు నడిపిస్తుంది. ఇప్పుడు ఆ ఆగోర్‌కు అడ్డంగా ప్లాంటుకు పోయే రోడ్డు వేస్తారు. రోడ్డు అరమీటరు ఎత్తే. కింద తూము పెట్టరు, ఎందుకంటే సర్వే చేసిన నెలలో అక్కడ చుక్క నీరు లేదు, వాగు గుర్తు కూడా లేదు. వాన వచ్చినప్పుడు నీరు రోడ్డు పక్కన నిలిచి ఇంకిపోతుంది, చెరువు ఎండుతుంది. ప్లాంటు ఆగోర్‌లో ఒక్క ఎకరం కూడా తీసుకోలేదని కాగితం మీద చూపవచ్చు, అది నిజమే కూడా. నీటి పారుదల దారుల మీద ఆక్రమణలు తొలగించాలని రాజస్థాన్ హైకోర్టు 2004లో అబ్దుల్ రెహమాన్ కేసులో చెప్పింది. అయినా రోడ్డును ఆక్రమణ అనేవాళ్లు తక్కువ.

మేత సంగతీ అంతే. ఇక్కడి ప్రధాన గడ్డి సేవణ్. వేళ్లు లోతుగా పోయి ఇసుకను పట్టి ఉంచుతాయి, మంచి వాన పడితే మళ్లీ చిగురిస్తుంది. ప్యానెళ్లు బిగించే ముందు నేలను గ్రేడర్‌తో చదును చేస్తే వేళ్లతో సహా లేచిపోతుంది. దాన్ని తిరిగి నిలబెట్టాలంటే విత్తనం చల్లి రెండు మూడు మంచి వానల దాకా పశువును దూరంగా ఉంచాలి. ఖేజ్రీ (జమ్మి), కేర్, కుమట్, బోర్డీ చెట్లు కూడా అందులోనే పోతాయి. సాంగ్రీ (ఖేజ్రీ చెట్టు కాయ), కేర్ కాయ, కుమట్ జిగురు పేద ఇళ్లకు వేసవి రాబడి. ఖేజ్రీ కోసం 1730లో ఖేజర్లీలో 363 మంది బిష్ణోయ్‌లు ప్రాణాలిచ్చిన ప్రాంతం ఇది. అక్కడ చెట్టు నరికితే ఊరు ఊరుకుంటుందని ప్రాజెక్టు నివేదికలో రాసుకున్నవాళ్లు తర్వాత గేటు ముందు ధర్నా ఎదుర్కొంటారు.

నీళ్ల మీద మాత్రం ఒక్కోసారి అతిగా చెబుతారు. 540 వాట్ల ప్యానెళ్లయితే మెగావాటుకు సుమారు 1,850 పడతాయి. ఒక్కోదానికి 2 లీటర్లనుకుంటే ఒకసారి కడగడానికి 3,700 లీటర్లు, 1,000 మెగావాట్ల పార్కుకు 37 లక్షల లీటర్లు. ఇందిరా గాంధీ కాలువ నీటితో ఇలా నెలకు రెండుసార్లు కడిగితే అది చిన్న సంగతి కాదు. అయితే నీళ్లు లేకుండా తుడిచే రోబోలు వచ్చాయి. కేటాయింపు షరతుల్లో పొడి శుభ్రత తప్పనిసరి చేస్తే ఈ గొడవ చాలావరకు తీరుతుంది. మేత, దారి, నీటి వాలు ఇలా యంత్రంతో తీరేవి కావు.

తీగ, పిట్ట, కోర్టు

బట్టమేక పిట్టలు దేశం మొత్తం మీద ఇప్పుడు 150కి మించి లేవన్నది నిపుణుల అంచనా. వాటిలో ఎక్కువ భాగం జైసల్మేర్ చుట్టుపక్కలే. మగపిట్ట 10 నుంచి 15 కిలోల బరువు, గాలిలో చటుక్కున మలుపు తిరగలేదు. కళ్లు తలకు పక్కల ఉంటాయి, ముందువైపు చూపు తక్కువ, ఎగిరేటప్పుడు కిందికి చూసే అలవాటు. తీగ కనిపించేసరికి తప్పుకునే దూరం మిగలదు. హై వోల్టేజ్ లైన్లలో లావు కండక్టర్లను ఎలాగో తప్పించుకుని, వాటికి పైన సన్నగా ఉండే ఎర్త్ వైరుకు తగలడం పెద్ద పక్షుల్లో తరచూ కనిపించేదే. భారత వన్యప్రాణి సంస్థ అంచనా ప్రకారం థార్‌లో తీగల వల్లే ఏడాదికి 18 బట్టమేక పిట్టలు చనిపోయే అవకాశం ఉంది. ఆ అంచనా వేసినప్పుడు అక్కడున్నవి దాదాపు 128. ఈతకు ఒక్కటే గుడ్డు పెట్టే పక్షికి ఈ లెక్క ఎంతో కాలం సాగదు.

2021 ఏప్రిల్ 19న సుప్రీంకోర్టు సుమారు 99,000 చదరపు కిలోమీటర్లలో తీగలను భూగర్భంలో వేయాలని, వీలు కాని చోట బర్డ్ డైవర్టర్లు, అంటే తీగ పిట్టకు కనిపించేలా చేసే బిళ్లలు, బిగించాలని ఆదేశించింది. చెప్పినంత సులువుగా అది జరగలేదు, జరిగేది కాదు కూడా. 33 కిలోవోల్టుల లైను భూమిలో వేయడం ఖర్చుతో కూడినదే అయినా సాధ్యం. 400, 765 కిలోవోల్టుల దగ్గరికి వచ్చేసరికి భౌతికశాస్త్రమే అడ్డం వస్తుంది. పొడి ఇసుక వేడిని బయటికి పోనివ్వదు, కేబుల్ వేడెక్కుతుంది. అందువల్ల మోసే కరెంటు తగ్గించాలి, లేదా కందకం నిండా వేడిని బయటికి పంపే ప్రత్యేక మట్టి పోయాలి. పొడవాటి ఏసీ కేబుల్ తనే పెద్ద కెపాసిటర్‌లా పనిచేసి ఛార్జింగ్ కరెంటు లాగుతుంది, దాన్ని సరిదిద్దడానికి మధ్యమధ్యలో రియాక్టర్లు అనే కాయిల్ పరికరాలు పెట్టాలి. కొన్ని వందల మీటర్లకొక జాయింటు ఉంటుంది, చెడేది ఎక్కువగా జాయింటు దగ్గరే. పైన తీగ తెగితే గంటల్లో కడతారు, భూమిలో తప్పు వెతికి తవ్వి అతికేసరికి వారాలు పడుతుంది. డైవర్టర్లు చవక, కానీ ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కి రాలిపోతాయి, గాలికి బిగింపు జారి తీగ మధ్యకు కుప్పగా చేరతాయి. ఏటా తనిఖీ చేసే నాథుడు లేకపోతే బిగించిన రోజు తీసిన ఫొటోయే మిగులుతుంది.

2024 మార్చి 21న కోర్టు తన పాత ఆదేశాన్ని వెనక్కి తీసుకుని నిపుణుల కమిటీ వేసింది. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం కూడా రాజ్యాంగంలోని 14, 21 అధికరణల కిందికి వచ్చే హక్కేనని అదే తీర్పులో చెప్పింది. 2025 డిసెంబరు 19న కమిటీ సిఫార్సులను ఆమోదించింది. రాజస్థాన్‌లో 14,013, గుజరాత్‌లో 740 చదరపు కిలోమీటర్లు ప్రాధాన్య ప్రాంతాలుగా తేలాయి. వాటిలో కొత్త గాలిమరలు, 2 మెగావాట్లు దాటిన కొత్త సౌర ప్లాంట్లు పెట్టకూడదు. కొత్త పెద్ద తీగలు నిర్ణీత కారిడార్ల గుండానే పోవాలి. 99,000 మీద గంపగుత్త నిషేధం కంటే 14,000 మీద అమలయ్యే నిషేధమే పిట్టకు మేలు చేస్తుంది. దాని పక్కనే ఒక ఇబ్బందీ పొంచి ఉంది. గీత లోపల ఆగిన ప్రాజెక్టు గీత బయటి సివాయ్ చక్‌కు పోతుంది. అక్కడ పిట్ట లేదు కాబట్టి అడిగేవాళ్లు లేరు. ఓరణ్ ఉండవచ్చు.

రక్షణ కూడా రకరకాలు

రక్షిత ప్రాంతంగా ప్రకటించేస్తే సరిపోతుందనుకునేవాళ్లు ముందు డెజర్ట్ నేషనల్ పార్క్ చూడాలి. 3,162 చదరపు కిలోమీటర్లు, 1980లో ప్రకటించారు. పేరులో నేషనల్ పార్క్ ఉన్నా చట్టం దృష్టిలో అది అభయారణ్యమే, తుది నోటిఫికేషన్ రాలేదు. లోపల డెబ్బైకి పైగా ఊళ్లు. హక్కుల పరిష్కారం నాలుగు దశాబ్దాలుగా పూర్తి కాలేదు. రోడ్డు, కరెంటు, పట్టా భూమి మార్పు దేనికైనా అనుమతుల చిక్కే. పార్కు పేరు చెబితే అక్కడి జనం మండిపడటంలో ఆశ్చర్యం లేదు. పిట్టలను నిజంగా నిలబెట్టింది సుదాసరీ లాంటి చోట్ల అటవీ శాఖ కంచె వేసి కుక్కలను, పశువులను బయట ఉంచిన చిన్న చిన్న ఆవరణలు.

తెలుగు నేల మీద దీనికి ఇంకా కఠినమైన పాఠం ఉంది. కర్నూలు ప్రాంతంలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో, రోళ్లపాడు దగ్గర బట్టమేక పిట్ట కోసమే 1988లో 614 హెక్టార్ల అభయారణ్యం పెట్టారు. కంచె లోపల గడ్డి బాగుపడింది, కృష్ణజింకలు పెరిగాయి. అవి చుట్టూ పొలాల మీద పడి పైరు మేశాయి, రైతులకు అభయారణ్యం మీదే కోపం వచ్చింది. కంచె బయట సాగునీరు వచ్చి పంటలు మారాయి, బీళ్లు పోయాయి. పిట్ట 614 హెక్టార్లలో బతికేది కాదు, చుట్టూ ఉన్న జొన్న చేలు, బీళ్లు దాని ఇల్లు. ఇప్పుడు అక్కడ అది కనిపించడం దాదాపు ఆగిపోయింది.

ఓరణ్‌ల విషయంలో సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 18న మంచి తీర్పే ఇచ్చింది. ప్రతి ఓరణ్‌నూ నేల మీదా ఉపగ్రహంతోనూ గుర్తించాలని, చిన్నదా పెద్దదా అని చూడకుండా అడవిగా నోటిఫై చేయాలని, వన్యప్రాణి చట్టం 36సి కింద కమ్యూనిటీ రిజర్వులు చేయాలని చెప్పింది. చిక్కు 36సి దగ్గరే ఉంది. అది ప్రైవేటు లేదా సామూహిక భూమికి వర్తించే సెక్షన్. ప్రభుత్వ భూమికి 36ఎ, అంటే కన్జర్వేషన్ రిజర్వు. ఓరణ్ ఇంకా సివాయ్ చక్‌గానే ఉంటే ఏ సెక్షన్ పట్టుకోవాలో కింది అధికారికి తెలియదు, ఫైలు కదలదు.

ఊరివాళ్ల భయం వేరు. 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఓరణ్‌లను అడవుల జాబితాలో చేరుస్తామన్నప్పుడు చాలా ఊళ్లు అభ్యంతరం చెప్పాయి. సోలార్ వద్దన్న ఊళ్లే అడవీ వద్దన్నాయి. బయటివాళ్లకు ఇది తిక్కగా కనిపించవచ్చు. మేత, జిగురు, గుడి, శ్మశానం అన్నీ ఓరణ్‌లోనే ఉన్న ఊరికి అటవీ గార్డు కూడా కంచె లాంటివాడే. చట్టం చదివితే ఆ భయం పూర్తిగా నిజం కాదు. అటవీ సంరక్షణ చట్టం అడ్డేది అడవిని ఇతర పనులకు మళ్లించడాన్ని, మేతను కాదు. అయితే అడవి అని రాశాక ఏ సిబ్బంది వస్తారో, ఏ రశీదు అడుగుతారో ముందే చెప్పినవాళ్లు లేరు. అటవీ హక్కుల చట్టం 2006 కింద సామూహిక హక్కు అడగవచ్చు గానీ గిరిజనేతరులు మూడు తరాలు, అంటే 75 ఏళ్ల ఆధారం చూపాలి. గొర్రెలు తోలుకుని ఏడాదిలో సగం బయట తిరిగే కుటుంబానికి ఆ కాగితం ఎక్కడిది?

ఫైలు నిలవాలంటే

ఇన్ని లేబుళ్లలో త్వరగా పని చేసేది, తక్కువ మందిని నొప్పించేది రెవెన్యూ మార్గమే. రాజస్థాన్ భూ రెవెన్యూ చట్టం 1956లోని 92వ సెక్షన్ కింద కలెక్టర్ భూమిని మేత వంటి ప్రత్యేక అవసరానికి విడిచిపెట్టవచ్చు. దానికి ఊరు చేయాల్సిన పని ఇలా ఉంటుంది. ముందు ఓరణ్ హద్దులు తెలిసిన పెద్దలతో చుట్టూ నడిచి ప్రతి మూలా జీపీఎస్‌లో పట్టాలి. గుడి, నాడీ, ఆగోర్ వాలు, మందల దారి విడివిడిగా గుర్తించాలి. దాన్ని ట్రేస్ మ్యాప్ మీద వేసి ఏ ఖస్రాలు పడుతున్నాయో జమాబందీతో సరిచూడాలి. గ్రామసభ తీర్మానంలో ‘మా ఓరణ్’ అని రాస్తే తహసీల్ నుంచి తిరిగొస్తుంది. ఖస్రా నంబరు, విస్తీర్ణం, ఇప్పుడున్న వర్గం, కోరుతున్న వర్గం నాలుగూ రాయాలి. ఎడారిలో ఒక్కో ఖస్రా వేల బిఘాలుంటుంది. ఓరణ్ అందులో ఒక ముక్కే అయితే ముందు ఖస్రా విడగొట్టమని అడగాలి, లేదంటే మిగతా ముక్క కేటాయింపులో ఇదీ కొట్టుకుపోతుంది.

కలెక్టర్ ఆదేశం రాగానే పని అయిపోయిందనుకోవడం ఎక్కువ మంది చేసే పొరపాటు. ఆదేశం జమాబందీలో నమోదై, ఆన్‌లైన్ నకల్ (రికార్డు ప్రతి)లో కొత్త వర్గం కనిపించేదాకా కేటాయింపు చేసే గుమాస్తాకు అది సివాయ్ చక్కే. కేటాయింపు ప్రతిపాదన ముందే వచ్చి ఉంటే స్వాధీనం జరగకముందే రాతపూర్వక అభ్యంతరం వేయాలి. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలపై సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పును దానికి జత చేయడం మామూలే. కంచె పడి ప్యానెళ్లు బిగించాక కోర్టులు పడగొట్టమనడానికి వెనకాడతాయి, పరిహారం మాటకు దిగుతాయి.

ఇప్పుడు రెండు సర్వేలు ఒకేసారి నడవాలి: ఓరణ్‌ల గుర్తింపు ఒకటి, పిట్ట తీర్పు తర్వాత కొత్త విద్యుత్ కారిడార్ల గీత ఇంకొకటి. మొదటిది అటవీ, రెవెన్యూ శాఖల చేతిలో ఉంది, రెండోది ట్రాన్స్‌మిషన్ సంస్థల చేతిలో. రెండో పనికి గడువులు, బడ్జెట్లు, వెనక నిలబడ్డ కొనుగోలు ఒప్పందాలు ఉన్నాయి. మొదటిది పట్వారీకి (గ్రామ రెవెన్యూ ఉద్యోగికి) ఖాళీ దొరికినప్పుడు జరిగే పని. కారిడార్ అలైన్‌మెంట్ ఖరారు చేసే ముందు ఆ దారిలోని ఖస్రాల ఓరణ్ సర్వే పూర్తయినట్టు కలెక్టర్ ధ్రువపత్రం ఉండాలన్న ఒక్క షరతు పెడితే రెండు పనులూ ఒకే వేగానికి వస్తాయి. కేటాయింపు నియమాలు రాష్ట్రం చేతిలోనివే కాబట్టి కేటాయింపుల వరకు ఈ షరతు పెట్టడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.